ముందు గిన్నె తాగాలి

"అత్తమ్మా, గీ ఒక్క గిన్నె ఆరనీకె మూడు రోజులా?" అంది మా కోడలు మొన్న.

వంటింటి కిటికీ గట్టు మీద తెల్లటి నూలుగుడ్డ పరిచి, దాని మీద గిన్నెను బోర్లించి పెట్టాను. స్టీలు గిన్నె కాదు, మట్టిది. దానికోసం కోడలి కొత్తిమీర కుండీని కిందికి దించాల్సి వచ్చింది. ఆమె కోపం గిన్నె మీదో కుండీ మీదో నాకు తెలుసు.

"నాలుగు రోజులైనా సరే ఆరనియ్యాలె," అన్నాను. "పైకి ఆరినట్టే కనవడ్తది. లోపల తడి ఉంటది. గట్లనే పెట్టెల పెడితే బూజు వడ్తది."

"సబ్బు గూడ పెట్టలేదు మీరు."

"పెడితే సబ్బును తాగుతది. రేపు నువ్వు నీళ్లు వోస్తే సబ్బునే కక్కుతది."

కోడలు నన్ను వింతగా చూసింది. చూడదా మరి! ముప్పయ్యేళ్లు అంగన్‌వాడీలో పిల్లలకు పప్పూ గుడ్డూ పెట్టి, వందల గిన్నెలు బూడిదేసి తోమించిన మనిషిని నేను. గిన్నె తాగుతుందనీ కక్కుతుందనీ అంటుంటే ఎవరికైనా వింతే. ఆ మాటలు నావి కావు. మా పక్కింటి అన్నయ్యవి. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయన మాటలు నా నోట్లోంచి అలా వరసగా వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కొత్తిమీర కుండీ ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లిపోయాను.

ఆర్మూర్‌లో ఆయన్ను అందరూ "జపాన్" అనేవాళ్లు. మనిషి జపాన్ మొహం చూడలేదు. పద్నాలుగేళ్లు దుబాయిలో ఒక జపాను వాళ్ల ఇంట్లో పనిచేశాడు, అంతే. మా దగ్గర ఇంటికొకరు గల్ఫుకు పోయొచ్చినవాళ్లే ఉంటారు. అక్కడ ఏం చేశావని అడిగితే ఒకరు కంపెనీ అంటారు, ఒకరు సూపర్‌వైజర్ అంటారు, ఒకరు మాట మార్చేస్తారు. ఈయన మాత్రం బస్టాండు ఎదుటి చాయ హోటల్లో పదిమంది మధ్య కూర్చుని, గొంతు ఒక్క పిసరు తగ్గించకుండా చెప్పేవాడు.

"నేను గిన్నెలు తోమిన."

ఎవరైనా కిసుక్కున నవ్వితే వాళ్ల వైపే తిరిగేవాడు. "నవ్వు బిడ్డా, నవ్వు. నువ్వు తోమిన గిన్నెల నీ పెండ్లామన్న తాగుతదా?"

మొగవాడు అంట్ల దగ్గర కూర్చోవడమే మా దగ్గర ఒక వింత. ఈయన ఇంటికొచ్చాక కూడా మానలేదు. పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని, వీధంతా చూస్తుండగా అంట్లు తోమేవాడు. వదినె సిగ్గుతో తలుపు చాటుకు పోయేది. "నలుగురు సూస్తున్రయ్యా, లెవ్వు," అని లోపలి నుంచే బతిమాలేది. "సూడనియ్యి, నేర్చుకుంటరు," అనేవాడు ఆయన. ఆయన తోమిన ఇత్తడి చెంబులో మొహం చూసుకుని నేను తల దువ్వుకున్నానంటే నమ్మండి.

ఎడమ భుజం మీద ఎప్పుడూ మడతపెట్టిన తెల్ల నూలుగుడ్డ ఒకటి ఉండేది. పెళ్లికి పోయినా, చావుకు పోయినా అది ఉండాల్సిందే. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు, చేతులు తుడవకూడదు. హోటల్లో చిన్న గ్లాసులో చాయ వచ్చినా ముందు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవాడు, తర్వాత ఉంగరం. అప్పుడు రెండు చేతులతో గ్లాసు ఎత్తి, కొంచెం కొంచెంగా రెండుసార్లు తిప్పి తాగేవాడు. ఎందుకట్లా అంటే, గిన్నెకు ముఖం ఉంటుందట. ముఖం మీద మూతి పెట్టి తాగడం మర్యాద కాదట.

"గ్లాసుకు గూడ మొఖం ఉంటదా జపానన్నా?" అని హోటల్ అతను ఆటపట్టించాడొకసారి.

"గ్లాసుకు లేకుంటే ఏమాయె? తాగెటోనికి ఉంటది గద."

ఇంతకూ ఆ గిన్నె సంగతి చెప్పాలి. ఆయన దుబాయి నుంచి పూర్తిగా వచ్చేసిన రోజు చుట్టుపక్కల ఇళ్లవాళ్లమంతా వాళ్లింట్లో చేరాం. కంబళ్లు, సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు, అన్నీ అయిపోయాయి. అసలు వస్తువు కోసం అందరం ఆయన చేతులే చూస్తున్నాం. "బంగారం తెచ్చినవా?" అని వదినె అడగనే అడిగింది. "తెచ్చిన," అన్నాడు. సంచీ అడుగు నుంచి బొమ్మల పెట్టెంత చెక్కపెట్టె తీశాడు. నాడా ముడి విప్పాడు, మూత తీశాడు, పసుప్పచ్చ గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పాడు. లోపల మట్టిగిన్నె! దోసెడంత ఉంది. వంకరగా ఉంది. పాల మీగడ రంగు, దాని నిండా వెంట్రుకల్లాంటి సన్నటి బీటలు. అడుగు భాగం గరుకుగా, పూతే లేకుండా ఉంది. అంచు నుంచి నడుము దాకా ఒక పగులు, ఆ పగుల్లో దారమంత బంగారు గీత.

"గదీ బంగారం," అన్నాడు.

వదినె ఆ గీత వంక చూసింది, ఆయన వంక చూసింది, చీర చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఏడ్చిందనుకున్నాం. తర్వాత తెలిసింది, ఆపుకోలేక నవ్విందట. "పద్నాలుగేండ్లకు నా బంగారం గా గీతంతనే," అని ఇప్పటికీ చెబుతుంది.

పగులు ఎలా వచ్చిందని అందరం అడిగాం. జపాను నుంచి దుబాయికి ఓడలో వచ్చేటప్పుడే పగిలిందనీ, ఆ ఇంటి మేడం దాన్ని వాళ్ల దేశం తీసుకుపోయి అతికించి తెచ్చిందనీ చెప్పాడు. వాళ్ల దగ్గర పగిలిన గిన్నెను పారెయ్యరట. అక్కడి ఒక చెట్టు పాలతో అతికించి, ఆ అతుకు మీద బంగారు పొడి అద్దుతారట. ఆ గీతను దాచరట, చూపిస్తారట.

"నీకు బహుమానం ఇచ్చిందా మేడం?" అన్నాను నేను.

"ఇయ్యలేదు చెల్లె. నా చేతుల పెట్టింది," అన్నాడు.

రెండింటికీ తేడా ఏమిటో నాకు పోనుపోనూ తెలిసింది. ఆ మేడం తన మొగుడి ఉద్యోగం అయిపోయి జపాను వెళ్లిపోతూ, మిగతా గిన్నెలన్నీ వెంట తీసుకుపోయి, ఈ ఒక్కటి ఈయన చేతుల్లో పెట్టింది. పెట్టి, రెండే మాటలు చెప్పింది. ఏడాదికొకసారి, వాళ్ల కొత్త సంవత్సరం రోజున ఫోన్లో గిన్నెను చూపించాలి. చూసుకోలేకపోతే, గిన్నెకు చేటు జరిగితే, దాచకుండా చెప్పి వెనక్కి పంపించాలి. ఈయన సరేనన్నాడు. అప్పటి నుంచి ఏటా జనవరి ఒకటిన గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, నేల మీద చాప వేసుకుని కూర్చునేవాడు. ఫోన్లో ముసలి మేడం కళ్లద్దాలు సర్దుకుని చూసేది. ఈయన గిన్నెను అన్ని వైపులా తిప్పి చూపించేవాడు. ఇంగ్లీషు కొంత, హిందీ కొంత, జపాను కొంత కలిపి వాళ్లు మాట్లాడుకునే భాష దేవుడికి కూడా అర్థమయ్యేది కాదు. అయిపోయాక వీధిలోకి వచ్చి, "ఈ ఏడు సుత పాస్," అనేవాడు.

నిజం చెప్పొద్దూ, ఆ చాదస్తానికి నేను మొదట్లో నవ్వుకునేదాన్ని. నెలకోసారి పెట్టె తీసి గిన్నెకు గాలి పెట్టేవాడు. ముసురు రోజుల్లో వారానికోసారి. నిలబడి పట్టుకోనిచ్చేవాడు కాదు. "కూసో ముందుగాల. మోచేతులు మోకాళ్లకు ఆనియ్యి. ఎత్తు మీదికెళ్లి పడితే మిగలది," అని కూర్చోబెట్టి చేతికిచ్చేవాడు. నా గాజులు పైకి తోయించేవాడు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెను మునిగేలా పెట్టేవాడు. సన్నటి బుడగలు వచ్చేవి. ఆ బుడగలు ఆగేదాకా నోరు మెదపనిచ్చేవాడు కాదు.

"సూడు, దూపతోని ఉన్నది. ముందు గది తాగాలె. తర్వాతనే మనం తాగాలె. అది దూపతోని ఉంటే మన చాయను గుంజుకుంటది, మరక వడ్తది."

తర్వాత అందులో వేడినీళ్లు పోసుకుని తాగేవాడు. ఒట్టి వేడినీళ్లు! మేడం ఇచ్చిన పచ్చ చాయపొడి మొదటి ఏడాదే అయిపోయింది. మన పాల చాయ పోస్తే ఆ బీటల్లోకి పాలు దిగి వాసనొస్తుందట.

"గిన్ని తిప్పలు వడి వేడినీళ్లు తాగుడేందన్నా?" అన్నాను ఉండబట్టలేక.

"ఏం తాగినమని గాదు చెల్లె. ఎట్ల కూసున్నమని," అన్నాడు.

తాగాక చేత్తోనే కడిగి, భుజం మీది గుడ్డతో అద్ది, నీడన బోర్లించేవాడు. మూడోనాడు గిన్నె అడుగును చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండేవాడు. అడుగు చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు. ఇంకో రోజు ఆరనివ్వాలి. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూసేవాడు.

ఆయనకు ఒకటే గర్వం. పనిలో చేరిన తొమ్మిదో ఏట, ఒక పొద్దున, ఈయన గిన్నెలు కడుగుతుంటే మేడం వెనక నిలబడి చూసి, "చేతులు మంచివి" అన్నదట. పద్నాలుగేళ్లలో ఆమె మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మాట మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చేతులు రెండూ ముందుకు చాపి, తనే కొత్తగా చూస్తున్నట్టు చూసుకునేవాడు. "ఇన్నేండ్లల్ల నా చేతికెళ్లి గిన్నెకు ఒక్క మచ్చ వడలే," అనేవాడు.

ఆ మచ్చ పెట్టింది నేను.

కిందటేడు కాదు, అంతకు ముందటేడు కార్తీకంలో వాళ్లింటి కప్పు మరమ్మతు పెట్టుకున్నారు. ఇంటి నిండా దుమ్మూ సిమెంటూ. చెక్కపెట్టెను తెచ్చి మా దేవుడి అర్రలో పెట్టి, "రెండు దినాలు చెల్లె, జర సూడు," అన్నాడు. ఆయన ఆ పెట్టెను ఇంకొకరి ఇంట్లో పెట్టడం అదే మొదటిసారి. నాకు ఎంత గర్వమో! మర్నాడు శుక్రవారం. తలస్నానం చేసి దీపం పెట్టాను. పక్కనే పెట్టె. ఇంట్లోకి కొత్త పొయ్యి వస్తే బొట్టు పెడతాం, బండి వస్తే పెడతాం, కొడుకు లాప్‌టాప్ తెస్తే దానికీ పెట్టాను. సముద్రాలు దాటి వచ్చిన గిన్నె మా దేవుడి అర్రలో కూర్చుంటే, దాన్ని ఉత్తగా ఎట్లా ఉంచుతాను? గాజులు పైకి తోసుకుని, కూర్చుని, మోచేతులు ఆనించుకుని, ఆయన చెప్పినట్టే గిన్నెను తీశాను. మా చేలో పండిన పసుపే, ఇంట్లో కొట్టిందే. నాలుగు చుక్కల నీళ్లతో తడిపి, బంగారు గీత కింద, సరిగ్గా గిన్నె ముఖం మీద, గుండ్రంగా బొట్టు పెట్టాను. నడిమధ్యన కుంకుమ అద్దాను. ఎంత ముద్దుగా ఉందో! అలాగే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాను.

ఆదివారం ఆయన, వదినె వచ్చారు. నేను నవ్వుతూ నిలబడ్డాను, మెచ్చుకుంటాడని. "శుక్రవారం మా ఇంట్ల ఉన్నది గదన్నా, ఉత్తగ ఎట్ల పంపుత?" అన్నాను.

ఆయన పెట్టె విప్పి చూశాడు. గుడ్డ తడిపి తుడిచాడు. కుంకుమ పోయింది. పైన ఉన్న పసుపూ పోయింది. బీటల్లోకి దిగిన పసుపు మాత్రం పోలేదు. రూపాయి బిళ్లంత మేర, ఆ వెంట్రుకల గీతలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. మళ్లీ తుడిచాడు. మళ్లీ తుడిచాడు. తర్వాత గిన్నెను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడుగానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

నాకు కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు. సబ్బు వద్దన్నాడు, నూనె వద్దన్నాడు, పాలు వద్దన్నాడు, పీచు వద్దన్నాడు. పసుపు వద్దని ఒక్క మాట చెప్పడానికేం? కానీ ఆయన మాత్రం ఎట్లా చెబుతాడు? మేడం చెప్పిన జాబితాలో పసుపు లేదు. ఇక మా ఊళ్లోనా, పసుపును మరక అనుకునేవాళ్లు ఎక్కడుంటారు? ఏటా మాఘం నుంచి ఊరు ఊరంతా కళ్లాల్లో పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, ఆ చేతులతోనే అన్నం తింటాం.

"ఫికర్ జేయకన్నా," అన్నాను గబగబా. "పసుపే గద. ఎండకు పెడితే మాపటాలకు పోతది. తెల్లంగి మీద పడ్డదే పోతది." గిన్నె అందుకుని మిద్దె మెట్ల వైపు నడిచాను.

"ఎండకు పెట్టకు!"

ఆయన అరవగా వినడం అదే మొదలు, అదే ఆఖరు. నేను మెట్టు మీదే ఆగిపోయాను.

"గా గీత చెట్టు పాలతోని అంటించింది చెల్లె. ఎండకు పాడైతది. బంగారం పొట్టు రాల్తది."

"గీత మీద బట్ట కప్పి పెడ్త," అన్నాను ఏడుస్తూ.

"ఏడ కప్పుతవు? నీ బొట్టు గీత కిందనే ఉన్నది, రెండు కలిసే ఉన్నయి." గిన్నెను నా చేతుల్లోంచి తీసుకున్నాడు. "నీ మచ్చ వోవాలంటే నా మచ్చ వోవాలె," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "నీ మచ్చ ఏంది?"

"గా గీత. ఓడల పగల్లే. నా చేతులనే పగిలింది."

వదినె తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన మా ఇద్దరి వైపూ చూడకుండా, గిన్నెకు చెబుతున్నట్టుగా చెప్పాడు. పనిలో చేరిన మొదటి నెలట. అది ఏమిటో తెలియక, స్టీలు పీచు, సబ్బు నురగ పెట్టి, అన్ని అంట్లతో పాటు తోమాడట. నురగకు జారి నల్లాకు కొట్టుకుంది. మేడం వచ్చి ముక్కలు ఏరుకుంది. ఒక్కటీ పోకుండా గుడ్డలో కట్టుకుంది. ఒక్క మాట అనలేదు. తెల్లారి పంపించేస్తారని ఈయన రాత్రే సంచీ సర్దుకున్నాడు. తెల్లారింది, ఎవరూ పొమ్మనలేదు. ఏడాది గడిచాక ఆమె దేశం పోయి వస్తూ, బంగారు గీతతో ఆ గిన్నె తెచ్చి ఈయన చేతుల్లో పెట్టి, "కడుగు," అన్నది. అంతే.

"తర్వాత ఎన్ని గిన్నెలు కడిగినా, నేను గా గీతనే కడిగిన చెల్లె," అన్నాడు.

"మరి గిన్నేండ్లు ఓడ ఓడ అని ఎందుకు జెప్పినవయ్యా?" అంది వదినె.

"గిన్నెలు తోమినోడంటే పడ్డ. గిన్నెలు పలగ్గొట్టినోడంటే పడకపోదును."

నా ఏడుపు ఆపడానికి ఆ మనిషి అన్నేళ్ల అబద్ధాన్ని మా వాకిట్లో విప్పి పెట్టాడు. అంతకుముందు ఆయన్ను నేను ఇష్టపడేదాన్ని. ఆ రోజు నుంచి ఆయన పక్కింట్లో ఉన్నందుకు గొప్పగా తిరిగాను.

మచ్చ మాత్రం ఉండిపోయింది. జనవరి ఒకటి దగ్గర పడుతున్నకొద్దీ ఆయన హోటల్‌కు పోవడం మానేశాడు. మేడం చూస్తుంది. చేటు జరిగితే వెనక్కి పంపమంది. పంపమంటే పంపాల్సిందే, ఆయన మాట ఇచ్చాడు. గిన్నె పోతే ఆ భుజం మీది గుడ్డకు పనేముంటుంది? నాకు అన్నం సయించలేదు.

"బొట్టు నీ దిక్కు పెట్టుకుని ఎనుక పక్క జూపియ్యన్నా," అన్నాను ముందు రోజు. "ఫోన్ల ఏం కనవడ్తది?"

"గిన్నె మొఖం నా దిక్కు తిప్పుకుని, మేడంకు వీపు జూపియ్యాల్నా?" అన్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొత్త సంవత్సరం పొద్దున తెల్లచొక్కాతో చాప మీద కూర్చున్నాడు. ఫోను వదినె పసుపు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. నేను మేడంకు కనపడకుండా పక్కన గోడకు ఒదిగి కూర్చున్నాను. మేడం వచ్చింది. నమస్కారాలయ్యాయి. ఆయన గిన్నెను రెండు చేతులతో ఎత్తి, ముఖం సరిగ్గా ఆమె వైపు ఉండేలా పట్టుకున్నాడు. పచ్చటి బొట్టు, దాని మీదికి దిగిన బంగారు గీత.

మేడం కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ఏదో అడిగింది. ఏమిటది, ఎవరు చేశారు అని అడిగినట్టుంది, ఎందుకంటే ఆయన వేలు తన గుండె వైపు వెళ్తోంది. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, ఒక్క జరుగు జరిగి ఫోన్లోకి వచ్చేశాను.

"నేను పెట్టిన. నేనే. మా ఇంటికొచ్చింది, అందుకే బొట్టు పెట్టిన," అన్నాను తెలుగులోనే, గట్టిగా, దూరం కదా వినపడదేమోనని.

ఆయన నా వంక ఒకసారి చూసి, తర్వాత ఆమెకు చెప్పాడు. నా నుదుటి బొట్టు చూపించాడు, వదినె నుదురు చూపించాడు, గడప చూపించాడు, మా దేవుడి అర్ర వైపు చూపించాడు. మేడం కదలకుండా విన్నది. తర్వాత నా వైపు చెయ్యి చూపి ఏదో అంది.

"నిన్ను పట్టుకొమ్మంటున్నది," అన్నాడు.

గాజులు పైకి తోసుకున్నాను. మోచేతులు మోకాళ్లకు ఆనించాను. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన. ఇన్నేళ్లూ ఆయన ఎట్లా పట్టుకున్నాడో అట్లాగే పట్టుకున్నాను. మేడం చాలా సేపు చూసింది. గిన్నెను కాదు, నా చేతులను. తర్వాత చిన్న మాట ఒకటి అని, నడుం దాకా వంగి నమస్కారం పెట్టింది. ఈయనా వంగాడు. వాళ్లను చూసి నేనూ వంగాను, వదినె కూడా వంగబోయి డబ్బాను తన్నింది, ఫోను బోర్లా పడింది. ఫోను కింద నుంచి మేడం నవ్వు వినపడింది.

"ఏమన్నది? పంపమన్నదా?" అన్నాను.

ఆయన భుజం మీది గుడ్డతో మొదటిసారి కళ్లు తుడుచుకున్నాడు.

"చేతులు మంచివి అన్నది. నిన్నే." ముక్కు ఎగబీల్చాడు. "నాకు తొమ్మిదేండ్లు వట్టింది. నీకు తొమ్మిది నిమిషాలు సుత పట్టలే. గిదేం న్యాయం?"

ఆ తర్వాత హోటల్లో పగులు కథ మొత్తం ఆయనే చెప్పుకున్నాడు. ఓడ లేదు, గీడ లేదు, నా చేతులనే పగిలింది అని. ఒక్కరూ నవ్వలేదట. నవ్వలేదని కొంచెం నిరాశ కూడా పడ్డాడని వదినె చెప్పింది.

పోయిన భాద్రపదంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, తన కంచం తనే కడిగి బోర్లించి, వచ్చి పడుకుని, మళ్లీ లేవలేదు. పదకొండో రోజు వదినె చెక్కపెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పెట్టె మీద ఆ తెల్లగుడ్డ. "చేతులు మంచిగున్నోళ్లకు ఇయ్యమన్నడు," అంది.

ఆయన పేరు ఇక్కడ రాయాలని చాలాసార్లు అనుకున్నాను. గిన్నె అడుగున చేసినవాళ్ల గుర్తు ఉంటుంది, కడిగినవాళ్ల గుర్తు ఉండొద్దు అనేవాడు. గీత సంగతి తెలిశాక కూడా ఆ మాటే అన్నాడు. అందుకే రాయడం లేదు.

మొన్న జనవరి ఒకటిన వదినె ఆయన ఫోను తెచ్చింది. మా ఇద్దరికీ మేడం భాష రాదు. మనిషి పోయాడని చెప్పడానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని కూర్చున్నాను. చాప పరిచాను. ఆయన కూర్చునే చోట నేను కూర్చున్నాను. ఆయన గుడ్డ నా ఎడమ భుజం మీద వేసుకున్నాను. మేడం ఫోన్లోకి వచ్చింది. ఆయన్ను వాళ్ల పద్ధతిలో పిలిచింది. పిలిచి, నన్ను చూసింది. నా భుజం చూసింది. నేను నేర్చుకున్న ముక్కలతో పని పడలేదు.

ఆమె వంగింది. చాలా సేపు లేవలేదు. నేనూ వదినె కూడా వంగాం. ఈసారి ఫోను పడలేదు. లేచాక ఆమె చూస్తూ కూర్చుంది. నేను గిన్నెను గోరువెచ్చని నీళ్లలో పెట్టాను. బుడగలు వచ్చాయి. అవి ఆగేదాకా ముగ్గురం నోరు మెదపలేదు. తర్వాత వేడినీళ్లు పోసుకుని, బొట్టున్న వైపు నా మూతికి తగలకుండా రెండుసార్లు తిప్పి తాగాను. కడిగాను. గుడ్డతో అద్దాను. తెచ్చి ఈ కిటికీ గట్టు మీద పెట్టాను.

ఇదంతా నిన్న సాయంత్రం కోడలికి చెప్పాను. పొద్దున నేను లేచేసరికి ఆమె వంటింట్లో చాప మీద కూర్చుని ఉంది. గాజులు మోచేతి దాకా తోసి ఉన్నాయి, ఉంగరం తీసి గట్టు మీద పెట్టింది. గిన్నె అడుగును చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని ఉంది.

"ఇంక సల్లగనే ఉన్నది అత్తమ్మా," అంది కళ్లు తెరవకుండానే. "రేపు సూద్దాం."